తవ్వకం రిపోర్టు పూర్తి చెయ్యకుండానే పోతే అది గొప్ప కెరీరేనా? (పురావస్తు శాస్త్రవేత్త సోనియా చాడ్విక్ హాక్స్ గురించి)

పాతమట్టి:
ఆంగ్లో-శాక్సన్ (రోమన్లు పోయాక ఇంగ్లండులో స్థిరపడ్డ జనాలు) తొలికాలం సమాధుల గురించి చదివేవాళ్ళకి ఈవిడ పేరు తగలకుండా ఉండదు. ఇంగ్లండు కెంట్‌లో ఫింగిల్‌షామ్ అనే చోట 1959లో మొదలుపెట్టి 200 పైచిలుకు సమాధులు తవ్వింది, ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పింది, 1999లో పోయింది. పూర్తి రిపోర్టు వచ్చింది 2006లో, అదీ వేరేవాళ్ళు కూర్చుని పూర్తిచేస్తే. 47 ఏళ్ళు! దీన్ని పట్టుకుని గొప్ప కెరీర్ అంటారేంటో.

రావిచెట్టు:
47 ఎక్కడిదండీ, తవ్వకం ఆగింది 67లో, అక్కణ్ణించి లెక్కేస్తే 39. పైగా ఆవిడేం ఖాళీగా కూర్చోలేదు. 1961లోనే డన్నింగ్ అనే మరో పురావస్తువేత్తతో కలిసి రోమన్ కాలం చివర్లో సైనికుల బెల్టు బకిల్స్ మీద పెద్ద వ్యాసం రాశారు, తర్వాతవాళ్ళు ఒప్పుకున్నా కాదన్నా దాంతోనే మొదలుపెట్టాలి. ఫింగిల్‌షామ్ సమాధిలో దొరికిన బకిల్ గురించి కూడా 1965లోనే రాశారు. దాని మీద బొమ్మ చూడండి, కొమ్ముల టోపీ, చేతికో ఈటె, నడుముకి బెల్టు, అంతే, ఒంటి మీద నూలుపోగు లేదు.

గోదారోడు:
ప్యాంటే లేనోడికి బెల్టెందుకు 😀

పాతమట్టి:
జోకులు తర్వాత. ఒక బకిల్ కాదండీ, మిగతా సమాధుల సంగతేంటి? ఇంగ్లండులోనే స్పాంగ్ హిల్ అనే శ్మశానంలో 1972 నుంచి 81 దాకా తవ్వకం జరిగింది, చాలావరకు కేథరిన్ హిల్స్ ఆధ్వర్యంలో, రెండు వేలకు పైగా చితాభస్మం కుండలు. 1977 నుంచే విడతలుగా కేటలాగులు వేస్తూ వచ్చారు. మనసుంటే అవుతుంది.

రావిచెట్టు:
ఆ స్పాంగ్ హిల్ ఆఖరి సంపుటం 2013లో వచ్చింది, అది చెప్పరేం? సట్టన్ హూలో ఓడతో సహా పాతిపెట్టిన ఆంగ్లో-శాక్సన్ సమాధి 1939లో బయటపడితే, దాని రిపోర్టు రాసిన బ్రూస్-మిట్‌ఫర్డ్ మొదటి సంపుటం 1975లో. మధ్యలో యుద్ధం ఉంది, ఒప్పుకుంటా. అయినా ఆయన్ని మీలా ఎవరన్నా కడిగేశారా? అంతెందుకు, అదే కెంట్‌లో ఫాసెట్ అనే మతగురువు సమాధులు తవ్వి 1776లో పోయాడు, ఆయన నోట్సు అచ్చయింది 1856లో. ఏ సమాధికి ఆ సమాధి విడిగా రాసిపెట్టాడు కాబట్టి ఇప్పటికీ పనికొస్తోంది. హాక్స్ గారూ కాగితాలు జాగ్రత్తగా ఉంచబట్టే కదా తర్వాతవాళ్ళు పూర్తి చెయ్యగలిగింది.

కొత్తమెంబర్:
39ఆ 47ఆ తేల్చండి ముందు

పాతమట్టి:
ఉంచితే సరిపోతుందా, ఇవ్వాలి కదా! నేను మూడు సీజన్లు ఎండలో కూర్చుని పెంకులు కడిగి ఒక్కోదాని మీద నంబరేసి డ్రాయింగులు గీశాను. పీహెచ్‌డీకి ఆ డేటా అడిగితే మా గైడు ఏమన్నారో తెలుసా, "రిపోర్టు నేను రాశాక చూద్దువుగానిలే". బీరువా తాళం ఆయన దగ్గరే. ఆరేళ్ళు చూసి టాపిక్ మార్చుకున్నా. మీరేమో ఇలాంటోళ్ళకి హారతులు పట్టండి.

రావిచెట్టు:
మీ గైడు మీద కోపం ఆవిడ మీద తీర్చుకుంటే ఎలాగండీ. నేనూ కాలేజీలో చెప్తున్నా, రోజుకి నాలుగు క్లాసులు, పైన అడ్మిషన్లు, ఎలక్షన్ డ్యూటీ, ఇంటికొచ్చేసరికి పెన్ను పట్టే ఓపికుండదు. నేను తవ్విన చిన్న సైటు రిపోర్టు కూడా తొమ్మిదేళ్ళుగా సగంలోనే ఉంది. బద్ధకం అంటే నాకు కాలుతుంది.

పాతమట్టి:
బద్ధకం అని నేనెక్కడన్నాను, పైకెళ్ళి చూడండి. ఆలస్యమైతే అవనివ్వండి. తవ్వినంత మాత్రాన ఆ నోట్సు సొంత ఆస్తా అనేదే నా గొడవ. మీ సగం రిపోర్టు తాలూకు నోట్‌బుక్కులు ఎక్కడున్నాయి?

రావిచెట్టు:
మా ఇంట్లో.

గోదారోడు:
అయిపోయింది 😀

రావిచెట్టు:
నవ్వకండి. ఒకమ్మాయి రెండుసార్లు మెయిల్ పెట్టింది వాటి కోసం. జవాబివ్వలేదు నేను.