రౌండ్ బేలర్: పురికొస దిగుతోంది గాని కట్టని పట్టుకోవట్లేదు

పద్మనాభం రైతు
వరిగడ్డిని గుండ్రటి కట్టలుగా చుట్టే చిన్న రౌండ్ బేలర్, 45 హెచ్‌పీ ట్రాక్టర్. కట్ట నిండిందని బజర్ మోగగానే బండి ఆపేస్తున్నాం. పురికొస కిందికి దిగుతోంది గాని పదింట్లో రెండు మూడు కట్టలకి అంటుకోవట్లేదు. డోరు తీస్తే గడ్డి విడివిడిగా పడిపోతోంది. చుట్టుకున్నవాటిలో కొన్నిటికి చివర సరిగ్గా తెగక తాడు సాగుతూ వస్తోంది. జనపనార పురికొసే, కొత్త ఉండలు. దారం బిగువు స్ప్రింగు బిగిస్తే ఇంకా పాడైంది. ఏం చూడాలన్నా?

భీమిలి మెకానిక్
ముందు స్ప్రింగుని పాత చోటికి తెచ్చేయండి. బిగిస్తే కొస అస్సలు దిగదు.

బజర్ మోగిన క్షణంలోనే ఆపడం ఒక తప్పు. కొసని లోపలికి లాక్కెళ్లేది లోపలికి వెళ్తున్న గడ్డే. గడ్డి ఆగితే కొస గాల్లో ఆడుతూ ఉంటుంది. బజర్ తర్వాత కూడా చిన్న గేరులో మెల్లగా కదలనివ్వండి. ఉండల పెట్టెలోంచి దారం పరుగెత్తడం కనిపించగానే ఆపేయండి. ఇంకా ముందుకెళ్తే చుట్ల మీద గడ్డి పడుతుంది. పీటీవో (ట్రాక్టర్ నుంచి బేలర్‌ని తిప్పే షాఫ్టు) నిమిషానికి 540 చుట్ల నుంచి తగ్గనివ్వొద్దు. గడ్డి వరస గట్టు దగ్గర అయిపోయే చోట కట్ట నిండకుండా చూసుకోండి.

ఒకటి చెప్పండి, కొస పట్టుకోనిది తెగని కట్ట తర్వాతదేనా?

పద్మనాభం రైతు
అవునండి, ఎక్కువగా దాని వెనకదే!

భీమిలి మెకానిక్
అయితే మీ రెండు జబ్బులకీ మూలం దారం కోసే కత్తే. తెగాల్సిన చోట తెగక పీకులాడి తెగితే, కొస పొట్టిగా, పీచుపీచుగా దారం వచ్చే గొట్టంలోకి వెళ్లిపోతుంది. తర్వాతి కట్టకి అందదు. తెగాక గొట్టం బయట సుమారు జానెడు వేలాడాలి (మాన్యువల్లో కొలత ఉంటే అదే లెక్క). మరీ పొడవైతే రోలర్‌కి చుట్టుకుంటుంది, అదో తలనొప్పి.

కత్తిని నూనె రాయి మీద పదును పెట్టండి. కత్తి ఎదురు ఇనుముకి పూర్తిగా ఆనుతోందో లేదో చూడండి. కత్తి ఎంత పదునైనా దారం బిగువుగా లేకపోతే తెగదు. దారాన్ని నొక్కి పట్టే బిగువు పలకల మధ్య గడ్డి నలుసు, పీచు ఇరుక్కుంటే పలకలు తెరుచుకునే ఉంటాయి. ముందు అది ఊడ్చి, చేత్తో దారం లాగి చూడండి. కుదుపు లేకుండా ఒకే బరువుతో రావాలి. స్ప్రింగు జోలికి ఆ తర్వాతే, అదీ అర చుట్టు చొప్పున.

ఇదంతా ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకున్నాకే. రోలర్లు తిరుగుతుండగా కొసని చేత్తో అందించేవాళ్లున్నారు, ఆ పని మాత్రం వద్దు.

ఆనందపురం ఆపరేటర్
ఉండల సంగతి కూడా. దారం ఉండ మధ్యలోంచి రావాలి. మొదటి ఉండ బయటి కొసని రెండోదాని లోపలి కొసకి చదునుగా ముడేసి, మిగులు అంగుళం లోపు కత్తిరించాలి. లావు ముడి కన్నంలో ఇరుక్కుని తెంచేస్తుంది. మాటిమాటికీ తెగుతుంటే దారం వెళ్లే కన్నాల్లో దూది తిప్పండి, పీచు తగులుకున్న చోట ఇనుము గాడి పడినట్టు.

మంచు పడే రోజుల్లో పెట్టె మూత వేసే ఉంచాలి. తడిసిన జనపనార ఉబ్బి పలకల్లో పట్టేస్తుంది. దానికోసం ప్లాస్టిక్ దారానికి మారొద్దు, పశువుల కడుపులోకి పోతుంది.

పద్మనాభం రైతు
పక్క చుట్లు జారిపోతున్నాయి. అది కూడా కత్తేనా?

ఆనందపురం ఆపరేటర్
కాదు. దారాన్ని కట్ట మీద అటూ ఇటూ నడిపే బేలర్ చెయ్యి మరీ అంచుదాకా వెళ్తోంది. రెండు వైపులా అంచు నుంచి నాలుగు వేళ్లు లోపల ఆగేలా స్టాపర్ జరపండి.