జూలో పుట్టిన మగ గొరిల్లాలకు చోటెక్కడ? సంతానం పెంచాలా, ఆపాలా

అచ్చంపేట_అడవి
మైసూరు జూలో 2021లో జర్మనీ నుంచి వచ్చిన థాబో, డెంబా అనే అన్నదమ్ముల గొరిల్లాలు ఉన్నాయి. ‘రెండూ మగవే, ఆడవాటిని తెచ్చి సంతానం పెంచితే ఏం పోయింది, మన హైదరాబాద్ నెహ్రూ జూకి కూడా ఒక కుటుంబాన్ని అడగొచ్చు కదా’ అనే మాట తరచూ వినబడుతుంది. నేను పూర్తిగా వ్యతిరేకం. పుట్టేవాటిలో దాదాపు సగం మగవి. కుటుంబానికి పెద్ద మగది, అంటే వీపు తెల్లబడిన సిల్వర్‌బ్యాక్, ఒక్కటి చాలు. మిగతా మగవాటిని ఏం చేయాలో తెలియక యూరప్, అమెరికా జూలే తలలు పట్టుకున్నాయి. ఆ తలనొప్పిని మనం కొని తెచ్చుకోవడం దేనికి? ఏ జూలోనైనా ఆడవి ఉంటే వాటికి గర్భనిరోధక మాత్రలు వేస్తూ, ఉన్నవాటిని చక్కగా చూసుకుంటే చాలు. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

దేవరకద్ర_మంద
అన్నా, ముందుగాల లెక్క తేట చేసుకుందాం. మన గొర్రెల పథకంల 20 గొర్రెలకు 1 పొట్టేలు ఇచ్చిండ్రు. మందల పుట్టిన మిగతా మగ పిల్లలు యాడికి పోతయో మనకెర్కే. గొరిల్లాకు ఆ సంత లేదు. ఒక కుటుంబంల నాలుగు ఆడవి ఉన్నయనుకో. ఒక్కో దానికి సుమారు నాలుగేండ్లకు ఒక కాన్పు. 20 ఏండ్లల్ల 20 పిల్లలు. చావులు లెక్కల పెట్టకుంటె అండ్ల 10 మగవి. తండ్రి జాగల కూసునేది ఒక్కటే. తక్కినయి 30 ఏండ్లు దాటి గూడ బతుకుతయి. మాత్రలు వద్దనేటోళ్లు ఈ తొమ్మిదింటికి జాగ చూపెట్టాలె.

నల్లగొండ_పశువైద్యం
లెక్క సరే. మాత్రలతోనే అంతా అయిపోతుందన్న దగ్గరే నాకు పేచీ.

మనుషులు వాడే మాత్రలే ఆడ గొరిల్లాలకూ పనిచేస్తాయి. తిండిలో పెట్టి రోజూ ఇవ్వాలి. మింగిందో లేదో చూడటం కీపర్ పని. బుగ్గన దాచుకుని, ఆయన అటు తిరగగానే ఉమ్మేసే ఘటికురాళ్లు ఉంటాయి. వరుసగా కొన్ని రోజులు తప్పితే గర్భం నిలిచినట్టే. చర్మం కింద పెట్టే ఇంప్లాంట్‌కు ఆ బెడద లేదు గానీ, దాన్ని పెట్టడానికీ తీయడానికీ మత్తు కావాలి. గిల్లి పీకేసుకునే అవకాశమూ ఉంది.

అసలు చిక్కు వేరే. ఏళ్ల తరబడి పసిపిల్ల లేని గుంపులో పెరిగిన ఆడది కాన్పును చూడదు, పిల్లను ఎత్తుకోవడం, రొమ్ముకు పట్టడం చూడదు. తీరా తన వంతు వచ్చాక పిల్లను తలకిందులుగా పట్టుకుంటుంది, లేదా నేల మీద వదిలేసి పోతుంది. అప్పుడు మనుషులు సీసాతో పెంచాలి. అలా పెరిగిన పిల్లకు తన జాతి మర్యాదలు రావు, పెద్దయ్యాక జత కట్టడమూ కష్టమే. అందుకే మంచి జూలలో చూలుతో ఉన్నప్పుడే తర్ఫీదు మొదలుపెడతారు. గర్భం ఎనిమిదిన్నర నెలలు. మన మందుల షాపులో దొరికే మూత్ర పరీక్ష కిట్టే సరిపోతుంది. చేతికి ఒక బొమ్మనిచ్చి, ఎదకు హత్తుకోవడం, పిలిస్తే జాలీ దగ్గరికి తెచ్చి ఆనించడం నేర్పుతారు. రేపు పాలు చాలకపోయినా, పిల్లను తల్లి నుంచి విడదీయకుండా జాలీ సందులోంచి సీసా పట్టొచ్చు.

ఇంకోటి: చాలా ఏళ్లు ఆపాక ‘ఇప్పుడు కనండి’ అంటే గర్భం నిలవకపోవచ్చు. జంటలను ఎంచేది స్టడ్‌బుక్, అంటే జూలలోని గొరిల్లాల వంశావళి రాసిన పుస్తకం చూసి, మిగతా వాటితో రక్తసంబంధం తక్కువున్న వాటికి మొదటి అవకాశం ఇచ్చి. సరిగ్గా ఆ ఆడదే గొడ్డుబోతే ఆ రక్తం అక్కడితో సరి.

దేవరకద్ర_మంద
మరి మగవాటికే చిన్నప్పుడు విత్తులు తీయిస్తె అయిపాయె గద డాక్టర్ సాబ్?

నల్లగొండ_పశువైద్యం
యూరప్‌లో కొన్ని జూలు ఆ పనీ చేశాయి. మగ లక్షణాలు పూర్తిగా రావు కనుక తండ్రికి పోటీ కాదు, పుట్టిన కుటుంబంలోనే ఉండిపోవచ్చు. కానీ తిరిగి రాని పని. పదేళ్ల తర్వాత దాని అన్న చనిపోతే వంశం కోసం ఇది పనికిరాదు.

నా ఓటు మగ గుంపుకే, అంటే ఆడవి లేకుండా మగవే కలిసి బతికే గుంపుకే. కాకపోతే మగవాటిని ఒక చోట తోలేస్తే గుంపు అయిపోదు. ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య, వీపు ఇంకా నల్లగా ఉండగానే కలపాలి. మూడు నాలుగు చాలు. అన్నదమ్ములైతే మరీ మంచిది. మొదట రెండు జాలీల మధ్య దూరంతో చూపు, వాసన. తర్వాత వేళ్లు తగిలే ఒకే జాలీ. గుర్రుమనడం తగ్గాక శాంతంగా ఉండే పెద్దదాన్నీ కొత్తదాన్నీ జతగా వదలాలి, మిగతావి ఆ తర్వాతే. ఆ రోజు ఆకు మేతను ఆవరణంతా చిన్న కుప్పలుగా చల్లాలి, ఒకే కుప్ప పెడితే అక్కడే కొట్లాట. నీళ్ల పైపు చేతిలో ఉండాలి.

కట్టడంలో రెండు సంగతులు తప్పితే గుంపు నిలవదు. ప్రతి గదికీ రెండు తలుపులు ఉండాలి, తరుముకొస్తే పారిపోయేదానికి ఇంకో దారి దొరకాలి. ఆవరణలో చూపుకు అడ్డం పడే గుట్టలు, గోడలు ఉండాలి. ఆడవి కనబడకూడదు, వాసనా తగలకూడదు. ఇన్ని చేసినా పన్నెండు దాటాక కొన్నేళ్లు గడ్డుకాలమే, కోరపళ్ల గాట్లు పడతాయి. ప్రతి గాటుకూ విడదీయకూడదు. విడదీసిన కొద్దీ మళ్లీ కలపడం కష్టం.

సూర్యాపేట_మూసీ
అంతా బాగుంది, మేత సంగతి ఎవరూ ఎత్తలేదు. అడవిలో పెద్ద మగది రోజుకు 20 కిలోల దాకా ఆకూ కొమ్మా తింటుంది. జూలలో పెద్ద మగవాటిని ఎక్కువగా చంపేది గుండెజబ్బు. అందుకే పిండి బిస్కెట్లు, తియ్య పండ్లు తగ్గించి ఆకు పెంచుతున్నారు. మూడు మగవాటికి ఏప్రిల్, మే నెలల్లో రోజూ 60 కిలోల పచ్చి కొమ్మ ఎక్కణ్నుంచి తెస్తారు? పాలమూరు పిల్లలమర్రి చెట్టును నరుకుతారా? సుబాబుల్ సులువుగా దొరుకుతుంది కదా అని అదే వేస్తే అందులోని మైమోసిన్ విషమవుతుంది. కొమ్మల్లో గన్నేరు కలిసిందంటే ఇక చెప్పేదేముంది. మేడి, మునగ, వెదురు, రావి తోటను నీటి వసతితో నాటుకుని రెండేళ్లు పెంచాకే జంతువు రావాలి. కీపర్లకు క్షయ పరీక్ష, మాస్కు కూడా ఖర్చులో రాసుకోండి. మన జలుబు వాటికీ అంటుతుంది. 2021లో శాన్ డియాగో సఫారీ పార్కులో గొరిల్లాలకు కొవిడే వచ్చింది.

అచ్చంపేట_అడవి
ఇంత చాకిరీ దేనికి? మూషిక జింక సంగతి వేరు. 2010లో నెహ్రూ జూ, సీసీఎంబీ వాళ్ల పరిశోధన కేంద్రం లాకోన్స్ కలిసి పెంచడం మొదలుపెట్టి, మా అమ్రాబాద్ అడవిలో వదిలారు. అది సంరక్షణ. గొరిల్లాను అలా వదలగలరా? ఇంగ్లండ్ నుంచి గాబన్ తీసుకెళ్లిన కుటుంబాన్ని 2014లో అడవిలో వదిలితే, కొద్ది కాలంలోనే ఆడవి చాలా చనిపోయాయి. బయటి మగది దాడి చేసిందని అనుమానించారు. 2018లో ప్రచురించిన అంచనాలో అడవి పశ్చిమ గొరిల్లాలు 3,61,900, ఏటా 2.7 శాతం తరుగుదల. వేట, ఎబోలా తగ్గకుండా ఇక్కడ పిల్లలు పుడితే అక్కడ ఏం మారుతుంది?

నల్లగొండ_పశువైద్యం
వదలడానికే పెంచాలని నేను అనలేదు. ఉన్నవాటి రక్తం పలచబడకుండా, వాటి గుంపు గుంపులా బతకడానికి కొన్ని కాన్పులు కావాలి. అన్నిచోట్లా కాదు, స్టడ్‌బుక్ చెప్పిన చోటే. పిల్ల పాలు మరవకముందు పెద్ద మగదాన్ని మార్చకూడదు, కొత్తది వచ్చి పసిదాన్ని చంపే ప్రమాదం ఉంది. నిర్వహణ తెలియని జూ చేసే మొదటి తప్పు అదే.

దేవరకద్ర_మంద
అట్లయితె ఒక షరతు. ఆడవాటిని అడిగేటోడు ముందుగాల మగ గుంపు ఇల్లు కట్టి చూపెట్టాలె. ఎనిమిదేండ్లు ఖాళీగున్నా సరె.

అచ్చంపేట_అడవి
జూలో గది ఎనిమిదేళ్లు ఖాళీగా ఉంటుందా తమ్మీ? మరుసటి సంవత్సరమే చింపాంజీని పెట్టి బోర్డు కడతారు.

నల్లగొండ_పశువైద్యం
అందుకే వరుస తిప్పాలి. హైదరాబాదైనా మరెక్కడైనా, ఆ ఇంట్లో ముందు మగ గుంపునే తెచ్చి పెట్టాలి. బయట చోటులేని మగవి ఎన్నో ఉన్నాయి, వాటిని తీసుకునే జూలే తక్కువ. మన వేసవిని, మన మేతను, మన కీపర్ల చేతిని వాటి మీద పదేళ్లు చూడొచ్చు. ఆడవాటి దరఖాస్తు ఆ తర్వాతే.