నాలుగో తరగతిలో 38 మంది, తెరుచుకోని కిటికీలు. సోమవారం లోపు ఏం చేయగలను?

రామమూర్తినగర్ మిస్ (శనివారం రాత్రి)

కరోనా వల్ల మూసేసిన స్కూళ్లలో, 2022 జనవరి 31, సోమవారం నుంచి బెంగళూరులో అన్ని క్లాసులూ మళ్లీ తెరుస్తున్నారు. మాది మదనపల్లె. ఇక్కడ బెంగళూరు రామమూర్తినగర్‌లో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతికి చెబుతాను. క్లాసులో 38 మంది. పదిహేనేళ్లు నిండినవాళ్లకి ఈ నెల 3 నుంచి టీకా వేస్తున్నారు గానీ, మా పిల్లలకి తొమ్మిదేళ్లు. వాళ్లకి ఇంకా ఏదీ లేదు.

మేనేజ్‌మెంట్ ఊరికే కూర్చోలేదు. గేటు దగ్గర జ్వరం చూసే థర్మల్ గన్ పెట్టారు, రోజూ సాయంత్రం బెంచీల మీద వైరస్‌ని చంపే మందు కొట్టిస్తున్నారు. కానీ నా గదికి నాలుగు కిటికీలుంటే, గ్రౌండు వైపు రెండూ గడియలతో సహా పెయింటు కొట్టేయడంతో బిగుసుకుపోయాయి. రోడ్డు వైపువి దుమ్మనీ చలనీ ఎప్పుడూ మూసే ఉంటాయి. మధ్యాహ్నానికి గదిలో ఉక్కపోతగా ఉండి నాకే తల బరువెక్కుతుంది.

డిసెంబర్లో ఒకరోజు మూడో బెంచీ పిల్లాడు దగ్గు ఆపుకుంటున్నాడు. రెండు చేతులతో మాస్కు అదిమి పట్టుకున్నాడు, మొహం ఎర్రబడి కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. దగ్గితే పక్కవాళ్లు జరిగి కూర్చుంటారని వాడి భయం. ఆ మొహం నాకింకా కళ్లముందే ఉంది. పిల్లల్ని బెదరగొట్టకుండా, నా చేతిలో ఉన్నంతలో ఏం చేయొచ్చో చెప్పండి.

హొరమావు నుంచి ఒక అమ్మ

మిస్, చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. నవంబర్లో మా పాపకి ఒళ్లు వెచ్చగా ఉంటే పారాసెటమాల్ సిరప్ పట్టి స్కూలుకి పంపించాను. ఆరోజు యూనిట్ టెస్ట్. పైగా నూరు శాతం హాజరుకి ఇచ్చే సర్టిఫికెట్ పోతుందని ఒకటే ఏడుపు. గేటు దగ్గర గన్ మామూలుగానే చూపించింది. మందు పనిచేసినంతసేపు జ్వరం ఎలా బయటపడుతుంది? ఆ సర్టిఫికెట్ ఈ ఏడాదికి ఆపేయమని మీ హెచ్ఎం గారిని అడగండి. నోట్స్ వాట్సాప్‌లో పంపుతామని, టెస్ట్ మళ్లీ పెడతామని ముందే చెబితే మేం ఇంట్లోనే ఉంచుకుంటాం.

వైట్‌ఫీల్డ్, ఏసీ డక్టుల ఇంజినీరు

టీచర్ గారూ, అన్నిటికన్నా ముందు ఆ రెండు కిటికీలు తెరిపించండి. గన్ పట్టుకునేది జ్వరాన్ని మాత్రమే. ఈ వైరస్ గాలి ద్వారా, అదీ లక్షణాలు మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే పాకుతుంది. బెంచీ మీద కొట్టే మందు గాలిని మార్చదు. సీలింగ్ ఫ్యాన్ కూడా గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది.

ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. పిల్లలు లేనప్పుడు గది మధ్యలో అగరొత్తి వెలిగించి పొగ చూడండి. తలుపు వైపో, కిటికీ వైపో సాగిపోతే గాలి ఆడుతున్నట్టు. అక్కడక్కడే చుట్టలు తిరుగుతుంటే పిల్లల ఊపిరి కూడా అలాగే గదిలో నిలిచిపోతుంది. గాలికి ఎదురెదురుగా రెండు దారులు కావాలి. చాలకపోతే టేబుల్ ఫ్యాన్‌ని కిటికీలో బయటివైపు తిప్పి పెట్టండి. మన ఊపిరితో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచే మీటర్ ఉంటే ఇంకా నయం. బయట 420 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 420 వంతులు) దరిదాపుల్లో ఉంటుంది, గదిలో 800 లోపు ఉంటే బాగున్నట్టు.

ఇంకో మాట. ప్రార్థన, ఎక్కాలు, గొంతెత్తి చెప్పించేవన్నీ ఆరుబయట పెట్టుకోండి. 2020 మార్చిలో అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలో 61 మంది రెండున్నర గంటలు కలిసి పాటల సాధన చేస్తే 53 మంది జబ్బుపడ్డారు. గట్టిగా పలికేకొద్దీ నోట్లోంచి తుంపరలు ఎక్కువ వస్తాయి.

కె.ఆర్. పురం, పిల్లల వార్డు నర్సు

అక్కా, బెంచీల మందు పిల్లల మీద మాత్రం చల్లనివ్వకండి, కళ్లూ చర్మం మండుతాయి. మాస్కు ఇంటర్వెల్‌కే తడిసిపోతుంది, బ్యాగులో ఇంకోటి పెట్టమనండి. అందరూ ఒక్కసారే మాస్కులు తీసేది భోజనాలప్పుడు. ఆ ఇరవై నిమిషాలు చెట్టు కిందో వరండాలోనో కూర్చోబెట్టండి చాలు.

రామమూర్తినగర్ మిస్ (సోమవారం రాత్రి)

అందరికీ థాంక్స్. నిన్న వడ్రంగిని పిలిపించాం. ఉలితో పెయింటు గీకి ఒక కిటికీ తెరిచాడు. రెండోదాని మడతబందు ఊడి చేతికొచ్చింది, బుధవారం వచ్చి బాగుచేస్తానన్నాడు. వాడు పని మొదలుపెట్టక ముందే అగరొత్తి వెలిగించి చూశాను. పొగ ఫ్యాను కింద సుడి తిరిగి నల్లబోర్డు దగ్గరే ఆగింది. కిటికీ, తలుపు తీశాక తాడు కట్టి లాగినట్టు వరండాలోకి పోయింది. ఆయమ్మ కూడా నిలబడి చూసింది. ఈరోజు పొద్దున్నే వచ్చి ఆ కిటికీ తనే తీసిపెట్టింది.

భోజనాలు వరండాలో, రెండు వరసల్లో. ఏడో ఎక్కం వేపచెట్టు కింద. మూడో బెంచీ పిల్లాడు ఇవాళ రెండుసార్లు దగ్గాడు, మోచేతిలోకి. వాణ్ణి కిటికీ పక్కకి మార్చాలా అని ఒక్క క్షణం అనిపించింది, కానీ లేపలేదు. తనని వేరుచేశారనుకుంటాడు. ఇంటికి పంపేటప్పుడు మాత్రం, దగ్గు తగ్గేదాకా ఉంచుకోండి, నోట్స్ నేను పంపిస్తానని వాళ్లమ్మకి విడిగా చెప్పాను.

సర్టిఫికెట్ సంగతి హెచ్ఎం గారు కరస్పాండెంట్‌ని అడగాలన్నారు. శుక్రవారం మీటింగ్‌లో మళ్లీ అడుగుతాను.

వైట్‌ఫీల్డ్ అన్నా, మీ దగ్గర మీటర్ ఉంటే ఒక్కరోజు ఇవ్వగలరా? మీటింగ్‌కి ఆ అంకెలు పట్టుకుని వెళ్తాను.