లేయర్ (గుడ్లు పెట్టే కోడి) దాణాలో ఎనర్జీ: ల్యాబ్ 3,600 అంటోంది, ఫార్ములా 2,650 అంటోంది, ఏది నిజం?

షెడ్డు మనిషి:
అందరికీ నమస్కారం. దాణా మేమే కలుపుకుంటాం. ఫార్ములా షీట్ ప్రకారం కిలోకు 2,650 కిలో క్యాలరీలు ఉండాలి. గుడ్డు సైజు కాస్త తగ్గిందని అనుమానం వచ్చి శాంపిల్ ల్యాబ్‌కి పంపిస్తే 3,600 అని రిపోర్ట్ వచ్చింది. అంత ఎనర్జీ ఉంటే కోళ్లకు కొవ్వు పట్టాలి కదా, అదేం లేదు. ఏ అంకె నమ్మాలి? షెడ్డులోనే కొలుచుకునే దారి ఏమైనా ఉందా?

ల్యాబ్ కోట్:
రెండూ నిజమే కావచ్చండి, కొలిచింది వేరు వేరు. ల్యాబ్ వాళ్లు మీకిచ్చింది గ్రాస్ ఎనర్జీ. గ్రాము దాణాను బాంబ్ క్యాలరీమీటర్‌లో పెట్టి, ఆక్సిజన్ నింపి, పూర్తిగా కాల్చి, చుట్టూ ఉన్న నీళ్లు ఎంత వేడెక్కాయో చూస్తారు. అందులో రంపపు పొట్టు కాల్చినా 4,000 పైనే వస్తుంది, అంతమాత్రాన కోడి దాన్ని తిని గుడ్డు పెట్టదు కదా. ఫార్ములా షీట్‌లో ఉండేది మెటబాలిజబుల్ ఎనర్జీ, అంటే తిన్నదాంట్లోంచి రెట్టలో పోయింది తీసేయగా మిగిలింది. కోడికి రెట్ట, మూత్రం కలిసే వస్తాయి కాబట్టి రెండూ ఒకేసారి లెక్కలోకి వచ్చేస్తాయి.

కొలవాలంటే తిన్న దాణా, వేసిన రెట్ట మొత్తం తూకం వేసి రెండింటినీ కాల్చాలి. లేదంటే దాణాలో 0.5 శాతం టైటానియం డయాక్సైడ్ కలిపితే చాలు, అది అరగదు కాబట్టి రెట్టలో దాని శాతం ఎంత పెరిగిందో చూస్తే సరి. ఉదాహరణకు రెట్టలో అది 1.5 శాతం అయిందనుకోండి, దాణా మూడో వంతుకు తగ్గిందన్నమాట. తేమ తీసేసి చూస్తే దాణాలో 4,000, రెట్టలో 3,000 ఉంటే, 4,000లోంచి 3,000లో మూడో వంతు 1,000 పోగా 3,000. దాణాలో 10 శాతం తేమ ఉంటే అది 2,700 అవుతుంది. చాలామంది తప్పేది ఇక్కడే: తేమతో ఉన్న అంకెనీ తేమ లేని అంకెనీ పక్కపక్కన పెట్టి గాభరా పడతారు.

గుడ్ల బండి:
ల్యాబ్ కోట్ గారూ, మరి గుడ్డులో పోయే ఎనర్జీ సంగతేంటి? అది కూడా తీసేయాలి కదా?

ల్యాబ్ కోట్:
తీయకూడదు బ్రదర్. గుడ్డు అనేది కోడి వాడుకున్న ఎనర్జీతో తయారైన సరుకు, వృథా కాదు. అయితే నైట్రోజన్ సవరణ అని ఒకటుంది: ఒంట్లోనూ గుడ్డులోనూ నిలిచిన ప్రతి గ్రాము నైట్రోజన్‌కు 8.22 కిలో క్యాలరీలు తగ్గిస్తారు. రోజుకు 110 గ్రాములు తినే కోడిలో 1.3 గ్రాముల నైట్రోజన్ నిలిస్తే కిలో దాణాకు దగ్గర దగ్గర 97 తగ్గుతుంది. పట్టికల్లో ఉండేవి ఎక్కువగా సవరించిన అంకెలే. నన్నడిగితే బాగా గుడ్లు పెట్టే కోడికి ఈ సవరణ కొంచెం అన్యాయమే, ప్రోటీన్ ఎక్కువున్న సరుకును తక్కువ చేసి చూపిస్తుంది.

పాత లేయర్ రైతు:
షెడ్డులో చేస్తానంటే ఒక మాట. రెట్ట పట్టే ట్రేలో దాణా చిందితే అది తిన్నట్టూ లెక్కకొస్తుంది, రెట్టలోనూ లెక్కకొస్తుంది, అంకె మొత్తం చెడిపోతుంది. ఈకలు, పగిలిన గుడ్డు సొన కూడా అంతే. ఇంకోటి, కోడి ముందు మొక్కజొన్న నూకలు ఏరుకు తింటుంది, ఫీడర్ అడుగున మిగిలే సన్నటి పొడిలోనే టైటానియం పేరుకుంటుంది. అందుకని మిగిలిన దాణా శాంపిల్ కూడా తీయాల్సిందే. ఇసుక లాంటి బూడిదనే గుర్తుగా వాడే పద్ధతి ఒకటుంది గానీ, గ్రిట్ (అరుగుదలకు వేసే చిన్న రాళ్లు) వేసే షెడ్డులో దాన్ని నేను నమ్మను.

షెడ్డు మనిషి:
చాలా థ్యాంక్సండి. ఇంత తతంగం మా వల్ల అవుతుందో లేదో. అడ్డదారి ఏదైనా?

ల్యాబ్ కోట్:
ఉంది. ప్రోటీన్, కొవ్వు, పిండిపదార్థం, చక్కెర శాతాలు అదే ల్యాబ్‌లో చేయించండి. ప్రోటీన్‌ను 0.1551తో, కొవ్వును 0.3431తో, పిండిపదార్థాన్ని 0.1669తో, చక్కెరను 0.1301తో గుణించి కలిపితే మెగా జౌల్స్ వస్తాయి, దాన్ని 239తో గుణిస్తే కిలో క్యాలరీలు. 17, 3.5, 40, 4 శాతాలు వేసి చూడండి, 2,640 దరిదాపుల్లో వస్తుంది. కాకపోతే తవుడు లాంటి పీచు సరుకు ఎక్కువైతే ఈ సూత్రం అంత కచ్చితంగా ఉండదు, పాతబడి ముక్క వాసన కొట్టే కొవ్వునూ మంచి కొవ్వుగానే లెక్కేస్తుంది.

పాత లేయర్ రైతు:
అది చేయించేలోపు రోజువారీ మేత రికార్డు చూడు తమ్ముడూ. 2,650 దాణా 110 గ్రాములు తింటే 290 కిలో క్యాలరీలు. అదే 2,500కి పడిపోతే అంత ఎనర్జీ కోసం 116 దాకా తినాలి. ఎండ మారకుండా, వృథా పెరగకుండా మేత అలా పెరిగిందా? పెరిగితే అనుమానం దాణా మీదే. మేత మారకుండా గుడ్డు సైజు మాత్రమే తగ్గితే ముందు మిథియోనిన్ (ప్రోటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) చూసుకో, ఎనర్జీ తర్వాత.