అమ్మ బీపీ మాత్ర మానేసింది, ఏది నమ్మాలి?

మందారం:
మా అమ్మకు 61 ఏళ్లు. మూడేళ్లుగా ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటోంది. పోయిన నెల ఇంట్లో చూస్తే 126/80 ఉంది. ‘తగ్గిపోయింది కదా’ అని తనే మానేసింది. నిన్న 164/98, పది నిమిషాలకు 150/92. ఇందులో ఏది నమ్మాలి? తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, నాకేమీ కాలేదంటోంది.

రిటైర్డ్ నర్సు:
అమ్మా, ఆ 126 మాత్ర వల్ల వచ్చింది. ఈ సంగతి ముందు మీ అమ్మగారికి చెప్పండి. ‘నాకేమీ లేదు’ అంటూ తిరిగి, చివరికి పక్షవాతంతో వార్డుకు వచ్చినవాళ్లను నేను చూశాను. బీపీ చాలామందిలో నొప్పి పుట్టించదు. రక్తనాళాలను లోలోపల బిరుసెక్కిస్తుంది, గుండె కండరాన్ని మందం చేస్తుంది, మూత్రపిండాల్లోని సన్నటి నాళాలను పాడుచేస్తుంది.

ఇంతకీ ఎలా కూర్చోబెట్టి చూశారు? వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేలకు తాకించి, అయిదు నిమిషాలు మౌనంగా ఉండాలి. కఫ్ (చేతికి చుట్టే పట్టీ) ఒంటికి తగలాలి, చేయి గుండె ఎత్తులో ఉండాలి. పొద్దున, సాయంత్రం రెండేసి సార్లు, వారం రోజులు రాసిపెట్టండి. మొదటి రోజువి వదిలేసి సగటు తీయండి. ఇంట్లో 135/85 వచ్చినా ఎక్కువ కిందే లెక్క. అయితే వారం ఆగకండి, మాత్ర సంగతి రేపే డాక్టరును అడగండి.

మందారం:
మంచం మీద కాళ్లు వేలాడేసి, నాతో మాట్లాడుతూనే చూపించుకుంది. కఫ్ జాకెట్టు చేతి మీదే కట్టాను. ఇంకో మాట ఇప్పుడు బయటపెట్టింది: సాయంత్రానికి చీలమండలు వాచేవట, అందుకే మానేసిందట. మూడేళ్లు నాకు చెప్పలేదు, బాధగా ఉంది.

గోదారి గట్టు:
మా నాన్నగారికీ అదే మాత్రతో పాదాలు వాచేవి. వేలితో నొక్కితే గుంట పడేది. డాక్టరు మందు మార్చాక తగ్గింది. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫినాక్ లాంటివి వేసుకుంటున్నారేమో అడగండి, అవీ బీపీని పెంచుతాయి. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే ఒక చిన్న చెంచా. పెరుగన్నంలో ఆవకాయ, అప్పడం కూడా అందులోవే.

రిటైర్డ్ నర్సు:
వాపు ఆ మందుతో రావచ్చు, గుండె, మూత్రపిండాల వల్లా రావచ్చు. మూత్రపిండాలు ఎలా ఉన్నాయో తెలిపే పరీక్షలు, అంటే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్, అవసరమా అని అడగండి. 180/120 దాటి ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నా, బీపీ ఎంతున్నా సరే మాట తడబడినా, ఒక చేయి పట్టు తప్పినా వెంటనే 108కి ఫోను చేయండి. రేపు వెళ్లేటప్పుడు మిగిలిన మాత్రల అట్ట కూడా పట్టుకెళ్లండి.