రాకు కొత్తగా మొదలుపెట్టాను: గిన్నెలు పగులుతున్నాయి, నలుపు రావడం లేదు

ప్రశ్న
సారె మీద చిన్న గిన్నెలు చేయడం వచ్చు. ఎర్రగా కాలుతున్న గిన్నెని బట్టీలోంచి తీసి పొట్టు పొగలో పెట్టే రాకు పద్ధతి ఇప్పుడే మొదలుపెట్టాను. 200 లీటర్ల ఇనప డ్రమ్ముకి లోపల సిరామిక్ ఫైబర్ దుప్పటి పరిచి గ్యాస్ బట్టీ తయారు చేసుకున్నాను. చెరువు మట్టితో చేసిన ఆరు గిన్నెల్లో నాలుగు పట్టకారుతో బయటికి తీయగానే టక్కుమని పగిలాయి. మిగతా రెండూ రంపపు పొట్టులో పెడితే బూడిద రంగు దగ్గరే ఆగిపోయాయి. గ్లేజ్ (గిన్నె మీద పూసే గాజు పూత) కూడా గరుకుగా ఉంది. తప్పు ఎక్కడ జరుగుతోందండీ?

జవాబు
మూడూ వేర్వేరు సమస్యలు. ముందు మట్టి సంగతి చూడండి, అది సరిగ్గా లేకపోతే తక్కిన కష్టమంతా వృథా.

దాదాపు 980 డిగ్రీల్లో ఉన్న గిన్నె ఒక్కసారిగా బయటి గాలిలోకి వస్తుంది. పైపొర కుంచించుకుపోతుంది, లోపలి పొర ఇంకా వేడిగానే ఉంటుంది. చెరువు మట్టి మరీ నున్నన, అందుకే పగులు ఒకచోట మొదలైతే అంచు దాకా పాకుతుంది. గ్రాగ్, అంటే ఒకసారి కాల్చి దంచిన మట్టి పొడి, కలిపితే పగులు ఆ పలుకుల దగ్గర ఆగిపోతుంది. తూకంలో ఫైర్ క్లే (ఎక్కువ వేడి తట్టుకునే మట్టి) 50, బాల్ క్లే (బాగా సాగే మెత్తటి మట్టి) 25, గ్రాగ్ 25 పాళ్లతో మొదలుపెట్టండి. ద్వారకా తిరుమల చుట్టుపక్కల తవ్వే బాల్ క్లే దొరికితే మంచిదే. గ్రాగ్ కొనాల్సిన పని లేదు. పాత కుండ పెంకులు దంచి, పలుకు 1 మి.మీ. మించకుండా జల్లించుకోండి. గ్రాగ్ బదులు ఏటి ఇసుక వాడొద్దు. ఇసుకలో ఉండేది క్వార్ట్జ్. 573 డిగ్రీల దగ్గర దాని పరిమాణం ఒక్కసారిగా మారుతుంది. రాకులో గిన్నె ఆ గీతను క్షణాల్లో దాటుతుంది, అక్కడే విరుగుతుంది.

గోడ మందం 6 నుంచి 8 మి.మీ., అంతటా ఒకేలా ఉండాలి. అడుగు లావుగా, అంచు పలచగా ఉంటే రెండూ కలిసే చోటే చీలుతుంది. వెడల్పు పళ్లేల జోలికి ఇప్పుడే వెళ్లకండి, 10–12 సెం.మీ. గిన్నెలు చాలు. గ్లేజ్ పూయక ముందు చేసే మొదటి కాల్పు 950–1000 డిగ్రీలు. గట్టిదనం కోసం అంతకు మించి కాలిస్తే మట్టిలో రంధ్రాలు మూసుకుపోయి, వేడి దెబ్బకి ఇంకా తొందరగా పగులుతుంది.

ఇంకొకరి జవాబు
పై మాటలకి ఒకటి చేర్చాలి. చల్లటి పట్టకారు తగిలిన చోట కూడా పగులు పుడుతుంది. బట్టీ మూత మీద పట్టకారు కొనలు అర నిమిషం వేడెక్కనిచ్చి, అప్పుడు పట్టుకోండి.

ఇక గ్లేజ్. అది గరుకుగా ఉందంటే కరగలేదన్న మాటే. క్షారం ఎక్కువగా ఉన్న, సీసం లేని ఫ్రిట్ (ముందే కరిగించి పొడి చేసిన గాజు) 85, చైనా క్లే (తెల్ల మట్టి) 15 కలిపితే పారదర్శకంగా వస్తుంది. అందులో అదనంగా టిన్ ఆక్సైడ్ 5 వేస్తే తెల్లది. కాపర్ కార్బొనేట్ 2–3 వేస్తే ఆకుపచ్చకీ రాగి మెరుపుకీ మధ్య ఎటైనా పోతుంది. 80 మెష్ (అంగుళానికి 80 కన్నాల) జల్లెడ పట్టి, చిక్కటి మజ్జిగలా చేసుకుని మూడు సెకన్లు ముంచండి. అడుగు నుంచి 5 మి.మీ. గ్లేజ్ లేకుండా తుడిచెయ్యండి, లేకపోతే గిన్నె బట్టీలోని పలకకి అతుక్కుంటుంది.

వేడి చూపే మీటరు అంకె ఒక్కటే నమ్మి బట్టీ ఆపకండి. చూపు రంధ్రంలోంచి చూస్తే గ్లేజ్ మొదట ఉబికి, నారింజ తొక్కలా గుంటలు పడుతుంది. చాలామంది అక్కడే తీసేస్తారు. ఆ గుంటలు పూడి, ఉపరితలం తడి గాజులా మెరిసే దాకా ఆగాలి. మొదటి విడతలో 600 డిగ్రీల వరకు అరగంట, అక్కడి నుంచి 980 వరకు ఇంకో అరగంట తీసుకోండి. తర్వాతి విడతలకి బట్టీ వేడిగానే ఉంటుంది కాబట్టి, గిన్నెల్ని ముందే మూత మీద పెట్టి చెమ్మ పోగొట్టండి.

మళ్లీ ప్రశ్న
ధన్యవాదాలు అన్నా. మరి నలుపు సంగతి? పొట్టు బాగానే మండింది కదా?

జవాబు
బాగా మండటమే తప్పండీ. నలుపు తెచ్చేది మంట కాదు, గాలి అందక పుట్టే పొగ. మూత బిగువుగా ఉండే చిన్న ఇనప డబ్బా తీసుకుని, గిన్నె చుట్టూ నాలుగు వేళ్ల సందు మాత్రమే ఉంచండి. అడుగున 5 సెం.మీ. ఎండు పొట్టు, గిన్నె పెట్టాక పైన ఇంకో గుప్పెడు, మంట లేవగానే మూత. అంచులో సందులుంటే తడి ఇసుకతో అదమండి. బట్టీ నుంచి డబ్బాకి 10 సెకన్లు మించకూడదు. ప్లైవుడ్ పొట్టు వాడొద్దు, జిగురు పొగ ప్రమాదం. వరిగడ్డి కూడా పనికొస్తుంది, కాకపోతే గ్లేజ్ మీద గడ్డి గీతలు పడతాయి. కొందరికి అదే ఇష్టం.

తెల్ల గ్లేజ్ మీద నల్లటి వల కావాలంటే మాత్రం తొందరపడకండి. గాలిలో 10–20 సెకన్లు పట్టుకుంటే టింగుమని చప్పుళ్లు వినిపిస్తాయి. గ్లేజ్ మీద పడిన ఆ చీలికల్లోకే పొగ దూరుతుంది.

20 నిమిషాల దాకా మూత తీయకండి. మధ్యలో తెరిస్తే మంట ముఖం మీదికి లేస్తుంది. రాగి మెరుపు నిలవాలని కొందరు తీయగానే నీళ్లలో ముంచుతారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి అది ఇంకో పగులుకి దారి. డబ్బాలోనే చల్లారనివ్వండి. ఎలా చల్లార్చినా రాగి మెరుపు కాలంతో పాటు పచ్చబడుతుందని తెలుసుకునే చేయండి.

ఇంకొకరి జవాబు
జాగ్రత్తల మాట ఎవరూ ఎత్తలేదు. ఇంటి సిలిండర్ కాదు, 19 కిలోల వాణిజ్య సిలిండర్, అధిక పీడన రెగ్యులేటర్ వాడండి. వెలిగించిన కాగడాని బర్నర్ దగ్గర పెట్టాకే గ్యాస్ తిప్పాలి. మూత తెరిచే ముందు గ్యాస్ ఆపాలి. నైలాన్, పాలిస్టర్ చీర, చున్నీ ఒంటి మీద ఉండకూడదు, కరిగి చర్మానికి అంటుకుంటాయి. మందపాటి నూలు బట్టలు, మోచేతులు దాటే తోలు గ్లౌజులు, ముఖానికి షీల్డు ఉండాలి. ఫైబర్ దుప్పటి కోసేటప్పుడు ఎన్95 మాస్కు తీయకండి.

మళ్లీ ప్రశ్న
జపాన్‌లో రాకు గిన్నెల్లో టీ తాగుతారు కదా, వీటిలో మనమూ తాగొచ్చా?

జవాబు
వద్దండి. 16వ శతాబ్దంలో క్యోటోలో తేనీటి గురువు సెన్ నో రిక్యూ విందుల కోసం చోజిరో అనే కుమ్మరి చేసిన గిన్నెలకి పొట్టు పొగ పెట్టలేదు. వేడి మీద బట్టీలోంచి తీయడం మాత్రం అక్కడిదే. డబ్బాలో పొగ పెట్టే ఈ పద్ధతి 1960లో అమెరికాలో పాల్ సోల్డ్నర్ అనే కుండల కళాకారుడి ప్రయోగాలతో మొదలై వ్యాపించింది. మన గిన్నెకి గ్లేజ్ నిండా చీలికలు, లోపల మట్టి రంధ్రాలమయం. నీళ్లు ఊరతాయి, పులుపు తగిలితే రాగి దిగుతుంది. పూలు పెట్టాలనుంటే లోపల ఒక గాజు గ్లాసు దింపి, నీళ్లు అందులో పోయండి.