ఎక్స్ రెండు చోట్ల ఉంటే దాన్ని విడిగా ఎలా తీయాలి?

ప్రశ్న:
వై = (2ఎక్స్ + 3) / (ఎక్స్ − 5) ఇచ్చి, ఎక్స్‌ని వై పదాల్లో రాయమన్నారు. గంట నుంచి దీనితోనే కూర్చున్నాను. వై = 2ఎక్స్ + 3 లాంటివైతే ఇబ్బంది లేదు, 3ని అటు పంపి 2తో భాగించేస్తాను, కానీ ఇక్కడ ఏం చేసినా ఇంకో ఎక్స్ మిగిలిపోతోంది. అడ్డగుణకారం చేసి, వైతో భాగించి, 5ని అటు పంపితే ఎక్స్ = (2ఎక్స్ + 3)/వై + 5 వచ్చింది. ఎడమవైపు ఎక్స్ ఒక్కటే ఉంది కదా, ఇది జవాబు కాదా? పుస్తకం వెనక (5వై + 3)/(వై − 2) అని ఉంది. ఆ వై − 2 ఎక్కడి నుంచి ఊడిపడిందో అర్థం కావట్లేదు. రేపు పరీక్ష, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
మీరు రాసింది తప్పు కాదు, కానీ పని పూర్తి కాలేదు. వై విలువ ఇస్తే ఎక్స్ ఎంతో చెప్పగలగాలి, మీ కుడివైపు చూస్తే ఎక్స్ తెలిస్తేగానీ ఎక్స్ రాదు. ముందు హారం పోగొట్టండి:
వై(ఎక్స్ − 5) = 2ఎక్స్ + 3
బ్రాకెట్ విప్పండి:
ఎక్స్వై − 5వై = 2ఎక్స్ + 3
ఎక్స్ ఉన్నవన్నీ ఒకవైపు, లేనివన్నీ ఇంకోవైపు:
ఎక్స్వై − 2ఎక్స్ = 5వై + 3
మీరు ఆగిపోయేది ఇక్కడే. ఎడమవైపు రెండు పదాల్లోనూ ఎక్స్ ఉమ్మడిగా ఉంది, దాన్ని బయటికి తీస్తే ఎక్స్(వై − 2) = 5వై + 3. రెండు ఎక్స్‌లు ఒక్కటైపోయాయి! ఇక వై − 2తో భాగించడమే.

జవాబు 2:
పైన చెప్పింది సరిగ్గా ఉంది. నాకు బాధనిపించేది ఆ 'అటు పంపడం' అనే మాట. ఏదీ ఎక్కడికీ వెళ్లదు, రెండు వైపులా ఒకే పని చేస్తున్నాం, అంతే. ఇది మనసులో లేకపోతే ఎక్కడ దెబ్బతింటామో చూడండి: సెల్సియస్ (సి)ని ఫారెన్‌హీట్ (ఎఫ్)లోకి మార్చే సూత్రం ఎఫ్ = 9సి/5 + 32 నుంచి సి తీయమంటే చాలామంది సి = 5ఎఫ్/9 − 32 అని రాసేస్తారు. నీరు మరిగే 212 వేసి చూస్తే 100 రావాల్సిన చోట దాదాపు 85.8 వస్తుంది. 32 చివర్లో కలిసింది కాబట్టి ముందు దాన్నే తీసేయాలి, ఆ తర్వాత మిగిలిన మొత్తాన్ని 5/9తో గుణించాలి. ముళ్లు విప్పేటప్పుడు చివర వేసిన ముడి ముందు విప్పుతాం కదా, ఇదీ అంతే.

జవాబు 3:
ఇంకొక్క మాట, దీన్ని దయచేసి వదిలేయకండి. వై − 2తో భాగించారంటే వై 2 కాదని ఒప్పుకున్నట్టే, సున్నాతో భాగించలేం కాబట్టి. మరి వై నిజంగానే 2 అయితే? మొదటి సమీకరణంలో వేయండి: 2ఎక్స్ − 10 = 2ఎక్స్ + 3, అంటే −10 = 3. కుదరదు. కాబట్టి ఎక్స్ ఏదైనా సరే వై ఎప్పటికీ 2 కాదు. జవాబు పక్కన 'వై ≠ 2' అని రాయండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి, ఉమ్మడిగా తీయడం అనేది నాకు తట్టనే లేదు. ఎక్స్ = 6 వేస్తే వై 15 వచ్చింది, ఆ 15ని జవాబులో వేస్తే 78/13, మళ్లీ 6! అదే ఊపులో సమాంతర నిరోధాల సూత్రం 1/ఆర్ = 1/ఎ + 1/బి నుంచి బి తీశాను: బి = ఎఆర్/(ఎ − ఆర్). ఎ 30, ఆర్ 10 అయితే బి 15. సరేనా?

జవాబు 1:
సరిగ్గా వచ్చింది. 1/30 + 1/15 = 3/30, అంటే 1/10. ఇందులో ఎ, ఆర్ సమానం కాకూడదు, అది కూడా పక్కన రాసుకోండి.